రహస్య బొంత: మొదటి క్లూ ముక్కలే చిన్నవయ్యాయి, ఆగాలా, ముందుకు వెళ్లాలా?

ప్రశ్న (వేళచ్చేరి, చెన్నై)

అందరికీ నమస్కారం. పూర్తయిన రూపం ఎలా ఉంటుందో ముందుగా చెప్పకుండా, వారానికొక క్లూ చొప్పున ముక్కలు కుట్టించి, వాటిని ఎలా కూర్చాలో చివరి వారంలో మాత్రమే చూపించే మిస్టరీ క్విల్ట్‌లో నేను ఈ ఏడాది తొలిసారి చేరాను. మా అమ్మమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది, నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను కాబట్టి మిషన్ నాకు కొత్త కాదు. అయితే అంగుళంలో ఎనిమిదో వంతు తేడాను కూడా లెక్కపెట్టే పని చేయడం ఇదే మొదలు.

మొదటి క్లూలో 2 అంగుళాల చదరాలు నాలుగేసి కలిపి 80 ఫోర్ ప్యాచ్‌లు కుట్టమన్నారు. కుట్టిన తర్వాత ఒక్కొక్కటి మూడున్నర అంగుళాలు ఉండాలట. నావి ఎనభైకి ఎనభై 3⅜ అంగుళాలే వచ్చాయి. ఇంతలో రెండో క్లూ కూడా వచ్చేసింది. అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి కాబట్టి, ఇక మీదట వచ్చే ముక్కలను కూడా ఇదే కొలతకు తగ్గించుకుంటూ పోతే సరిపోదా?

మరొక సందేహం రంగుల గురించి. నమూనాలో ఎరుపు, నీలం, బూడిద, తెలుపు అడిగారు. నేను మచిలీపట్నం కలంకారీ, మంగళగిరి నూలు తీసుకున్నాను. విడివిడిగా ఎంతో అందంగా ఉన్న బట్టలు కుట్టేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (మైలాపూరు)

అమ్మా, రెండో క్లూ బట్ట ఇంకా కత్తిరించకపోతే కత్తెర పక్కన పెట్టండి. మీ ముక్కలన్నీ ఒకే కొలతలో వచ్చాయంటే మీ చేతిలో నిలకడ ఉంది, కుట్టు పడుతున్న చోటే తప్పు. రెండు అంగుళాల ముక్కలు రెండు పక్కపక్కన పెడితే నాలుగు అంగుళాలు. మధ్య కుట్టుకు ఇటు పావు, అటు పావు పోతే మూడున్నర మిగలాలి. మీకు 3⅜ మిగిలిందంటే మీ కుట్టు పావు అంగుళంలో కాక 5/16 అంగుళంలో పడుతోంది. జాకెట్‌కు అర అంగుళం, ముప్పావు అంగుళం లోపల వదిలే అలవాటున్న చేతికి ఈ పదహారో వంతు కంటికి ఆనదు.

తర్వాతి ముక్కలను కూడా తగ్గించుకుంటే చాలదా అని అడిగారు. మామూలు నమూనాలో, చివరి బొమ్మ ఎదురుగా ఉంటుంది కాబట్టి, లెక్క వేసుకుని అలా చేయవచ్చేమో గాని రహస్య బొంతలో అది కుదరదు. కుట్లు ఎన్ని ఉంటే నష్టం అంత పెరుగుతుంది. ఒక వరుసలో ఒకే కుట్టున్న మీ ఫోర్ ప్యాచ్ ఎనిమిదో వంతు తగ్గింది. వరుసలో మూడు ముక్కలు, రెండు కుట్లు ఉన్నది పావు అంగుళం తగ్గుతుంది. కుట్టే లేని సాదా చదరం అసలు తగ్గదు. ఈ మూడూ చివరి వారంలో ఏ క్రమంలో పక్కపక్కన వచ్చి కూర్చుంటాయో మనకు ఇప్పుడు తెలియదు. తెలియనప్పుడు మనల్ని కాపాడేది డిజైనరు చెప్పిన కొలత ఒక్కటే.

ముందుగా మిషన్‌ను సరిచేసుకోండి. దారం తీసేసి, పాదం కింద స్కేలు పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ సూది మొనను పావు అంగుళం గీత మీదికి నెమ్మదిగా దించండి. స్కేలు అంచు ఎక్కడికి వచ్చిందో మిషన్ పలక మీద అక్కడ ఆసుపత్రి ప్లాస్టర్ నాలుగు పొరలు అంటించండి. బట్ట అంచు ఆ గట్టును ఆనుకుని సాగాలి. తర్వాత ఒకటిన్నర అంగుళాల పట్టీలు మూడు కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి కొలవండి. మొత్తం మూడున్నర, మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం రావాలి. దారం మందం, మడత మందం కొంత బట్టను తినేస్తాయి కాబట్టి ప్లాస్టర్‌ను పావు అంగుళం కన్నా వెంట్రుకవాసి లోపలికి, అంటే సూది వైపుకు జరపవలసి రావచ్చు. ఈ పరీక్ష నెగ్గేదాకా అసలు బట్ట ముట్టుకోవద్దు.

కుట్టిన 80 ముక్కలు వృథా కావు. ప్రతి ఫోర్ ప్యాచ్‌లో మధ్యనున్న పొడవు కుట్టును మాత్రం విప్పి రెండు జంటలుగా చేయండి. జంటలోని చిన్న కుట్టును ముందుగా విప్పకండి. దానికి బయటి వైపున, అంచుకు దగ్గరగా, సరైన పావు అంగుళంలో కొత్త కుట్టు వేసి, ఆ తర్వాత పాతది లాగేయండి. ముక్కలు జరిగిపోకుండా పాత కుట్టే పట్టి ఉంచుతుంది. చివరగా పొడవు కుట్టు మళ్లీ వేయండి. రోజుకు పది చొప్పున చేస్తే ఎనిమిది రోజుల పని.

ఇక రంగులు. క్లూలో ఎరుపు అని రాసి ఉన్న చోట ఎరుపే వాడాలని లేదు, ఆ ఎరుపు పోషించే పాత్రను, అంటే అది ముదురా, నడి ఛాయా, లేతా అన్నది చూడాలి. ఏటా ఇలాంటి రహస్య బొంత నడిపిన అమెరికా క్విల్ట్ డిజైనరు బానీ హంటర్ కూడా రంగుల దుకాణపు షేడు కార్డులను ఆధారంగా ఇచ్చేవారు, ఎవరికి నచ్చిన రంగులు వాళ్లు మార్చుకునేవారు. మీ బట్టలన్నీ కుర్చీ మీద వరుసగా పరచి, ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీయండి. కలంకారీలో ఎరుపు, నీలం, ముదురు ఆకుపచ్చ మూడూ ఒకే బూడిద రంగులోకి దిగిపోవడం మీకే కనిపిస్తుంది. బట్టలు కలిసిపోతున్నాయని మీ కన్ను చెప్పింది ఇదే. కలంకారీని ముదురు పాత్రకే ఉంచండి. నేపథ్యానికి పువ్వూ గీతా ఏమీ లేని మీగడ రంగు మంగళగిరి నూలు తీసుకోండి. నడి ఛాయకు ఏక రంగు బట్ట ఒకటి చాలు. అట్ట ముక్క మీద ప్రతి పాత్రకూ ఒక చిన్న పీలిక అంటించి, పక్కన దాని పేరు రాసి మిషన్ ముందు తగిలించండి. నాలుగో క్లూ నాటికి మన జ్ఞాపకాన్ని నమ్మలేం.

మళ్లీ ప్రశ్న (వేళచ్చేరి)

ఎంతో వివరంగా చెప్పారండీ, ధన్యవాదాలు. మూడు పట్టీల పరీక్ష చేశాను. మొదటిసారి 3¼ వచ్చింది, ప్లాస్టర్ జరిపిన తర్వాత మూడున్నర వచ్చింది. నేపథ్యం బట్ట కొత్తగా కొనాలి. నమూనాలో 42 అంగుళాల పన్నా మీద మూడున్నర గజాలు అని ఉంది. ఇక్కడ మీటర్లలో ఎంత తీసుకోవాలి? రెండో క్లూలో రెండు రంగుల త్రిభుజాలను కర్ణం మీద కలిపి కుట్టే సగం సగం చదరాలు 120 ఉన్నాయి. ఈ వానల్లో బట్ట ఉతికి ఆరబెట్టడం కూడా నాకు సమస్యగానే ఉంది.

జవాబు (మైలాపూరు)

మూడున్నర గజాలంటే 126 అంగుళాలు, అంటే 3.2 మీటర్లు. మీరు తీసుకునే బట్ట పన్నా 36 అంగుళాలే అయితే అదే పనికి 147 అంగుళాలు, దాదాపు మూడుముప్పావు మీటర్లు కావాలి. నూలు బట్ట ఉతికితే కుదించుకుపోతుంది కాబట్టి దాని మీద అర మీటరు అదనంగా తీసుకోండి. ఒకసారి నేను సరిగ్గా లెక్క కట్టి కొని, అయిదో క్లూ దగ్గర చేతి వెడల్పు బట్ట తక్కువపడి, సౌకార్‌పేటలో అదే దుకాణానికి మళ్లీ వెళ్లాను. అప్పటికి వచ్చిన కొత్త తాను తెలుపు వేరు, నా దగ్గరున్న తెలుపు వేరు. పగటి వెలుగులో ఆ బొంత పరిచినప్పుడు ఆ నాలుగు గళ్లు ఇప్పటికీ నాకు కనబడతాయి.

ఈ క్విల్టులు అమెరికా చలికాలానికి తగినట్లు నవంబరు నెలాఖరులో మొదలైతే, మనకు అది ఈశాన్య రుతుపవనాల కాలం. ఉతికిన బట్టను ఫ్యాను కింద నీడన ఆరనిచ్చి, ఇంకా కొద్దిగా తేమ ఉండగానే ఇస్త్రీ చేస్తే మడతలు లేకుండా వస్తుంది. కలంకారీ ఎరుపును మాత్రం తడిపిన తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీతో ఒకసారి అదిమి చూడండి. గుడ్డకు రంగు అంటితే, అంటడం మానేదాకా విడిగా ఉతకండి. మీగడ రంగు నేపథ్యం పక్కన ఈ జాగ్రత్త తప్పదు.

సగం సగం చదరాలకు 3⅞ అంగుళాల ముక్కలు కత్తిరించమని క్లూలో ఉంటుంది. మీరు 4 అంగుళాలకు కత్తిరించి, కుట్టి, ఇస్త్రీ చేశాక మూడున్నరకు సరిచేసుకోండి. బట్ట కొంచెం ఎక్కువ పడుతుంది గాని కొలత తప్పదు. కర్ణం వెంట బట్ట క్రాస్‌లో ఉంటుంది కాబట్టి లాగితే సాగుతుంది. కత్తిరించే ముందే పలుచని గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే అది నిలబడుతుంది. ఇస్త్రీ పెట్టెను రుద్దకుండా ఎత్తి దించండి. గంజి పెట్టిన ముక్కలను ఈ తేమలో నెలల తరబడి బీరువాలో ఉంచితే పురుగు పడుతుంది, బొంత పూర్తి కాగానే ఒకసారి ఉతకండి.

జవాబు (అణ్ణానగర్)

అక్కయ్యగారు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. 120 ఒకేసారి కుట్టనవసరం లేదు. నేను ప్రతి క్లూలో అయిదో వంతు మాత్రమే కుట్టి, మిగతా బట్టను కత్తిరించకుండా దాచుకుంటాను. చివరి వారం రూపం చూసి, నచ్చితే పూర్తి చేస్తాను, లేదంటే ఆ కొన్ని ముక్కలతో ఊయల బొంత అవుతుంది. అలా చేస్తే వెనకబడ్డామన్న కంగారు ఉండదు. క్లూలను మాత్రం వచ్చిన రోజే ప్రింటు తీసి ఉంచుకోండి, ఎందుకంటే కొందరు డిజైనర్లు రూపం బయటపెట్టిన కొంతకాలానికి ఉచిత క్లూలు తీసేసి నమూనాను అమ్మకానికి పెడతారు. లోపలి పొరకు చెన్నైలో పాలియెస్టర్ దూది వద్దు, ఉక్కపోస్తుంది. ఉతికి మెత్తబడిన పాత పంచె ఒక పొర చాలు.

మళ్లీ ప్రశ్నించినవారు (వేళచ్చేరి)

ఈ రోజుకు 30 ఫోర్ ప్యాచ్‌లు విప్పి మళ్లీ కుట్టాను. ముప్పైయ్యీ మూడున్నరే ఉన్నాయి. మిగతా యాభై పూర్తయ్యేలోగా నేపథ్యం బట్ట నాలుగుంబావు మీటర్లు తెచ్చి ఉతుకుతాను.