నాయనకు హార్మోన్ ఇంజెక్షన్ మొదలైంది, ఇంట్లో ఏం చూసుకోవాలి?

పుత్తూరు అబ్బాయి:
మా నాయనకు 71 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. మూడు నెలలకోసారి వేసే ల్యూప్రోలైడ్ అనే హార్మోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. పీఎస్ఏ (ఈ జబ్బు ఎలా ఉందో చూసే రక్తపరీక్ష) బాగా తగ్గింది. కానీ ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు, ఫ్యాన్ కింద కూర్చున్నా చొక్కా తడిసిపోతోంది. చిన్న మాటకే ఏడుస్తున్నాడు. జబ్బు ముదిరిందా అని టెన్షన్‌గా ఉంది.

చిత్తూరు అక్క:
తమ్ముడూ, పీఎస్ఏ తగ్గిందంటే మందు పనిచేస్తోందనే. ఈ క్యాన్సర్ పెరగడానికి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ కావాలి, ఇంజెక్షన్ దాన్ని అడుగంటిస్తుంది. ముట్లు ఆగే వయసులో ఆడవాళ్లకు వచ్చే సెగలే మగవాళ్లకూ వస్తాయి. మా మామగారు సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. మా అత్తమ్మే కనిపెట్టి, "నాకూ అప్పుడు ఇట్లే వచ్చేది" అనింది. ఆయనకు సగం భయం అప్పుడే పోయింది. ఏడుపు సంగతి మాత్రం డాక్టర్‌కు తప్పకుండా చెప్పు. దానికీ, సెగలకూ మందులున్నాయి.

తిరుపతి మాస్టారు:
నేనూ ఇదే వైద్యంలో ఉన్నాను బాబూ. కండ తగ్గుతుంది, పొట్ట వస్తుంది, షుగర్ పెరగొచ్చు, ఎముకలు పలచబడతాయి. ఎముకల గట్టితనం చూసే డెక్సా స్కాన్ గురించి అడుగు. రాగి సంకటి మంచిదే, కానీ అదొక్కటే చాలదు. కాల్షియం, విటమిన్ డి ఎంత వాడాలో డాక్టరే చెప్పాలి. నేను పొద్దున్నే కపిలతీర్థం దాకా నడుస్తాను. నడిచిన రోజు నీరసం తక్కువ. ఇంకో మాట, కోరిక పోతుంది. మీ అమ్మగారికి కూడా ఇది తెలియాలి, లేకపోతే ఇద్దరూ లోలోపల నలిగిపోతారు.

మదనపల్లె నుంచి:
మా పెదనాన్న ఇంజెక్షన్ల ఖర్చు భరించలేక వృషణాలు తీసే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. టెస్టోస్టిరాన్ ఎక్కువగా తయారయ్యేది అక్కడే కాబట్టి ఒక్కసారితో అయిపోతుంది, ఫలితం అదే. 1941లో చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టర్ చూపించిన దారి అది, 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. పెదనాన్నకు ఆ హార్మోన్‌ను ఇంకా తగ్గించే అబిరాటెరోన్ మాత్రలూ ఉన్నాయి. పరగడుపునే వేసుకోవాలి, తిండితో వేసుకుంటే మందు ఒంట్లోకి మరీ ఎక్కువగా ఎక్కుతుంది. బీపీ, పొటాషియం, లివర్ పరీక్షలు మానకూడదు.

పుత్తూరు అబ్బాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్నటి నుంచి నడుము నొప్పి, కాళ్లు తిమ్మిరి అంటున్నాడు. వచ్చే నెల చూపించేటప్పుడు చెప్తే సరిపోతుందా?

తిరుపతి మాస్టారు:
వద్దు బాబూ, ఇప్పుడే బయలుదేరు. ఎముకల్లోని గడ్డ వెన్నుపామును నొక్కుతుంటే కాళ్లు పడిపోతాయి. ఇక్కడి స్విమ్స్ ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకురా, పాత స్కాన్‌లన్నీ పట్టుకో, "ప్రోస్టేట్ క్యాన్సర్, కాళ్లు తిమ్మిరి" అని మొదటే చెప్పు. మూత్రం సరిగా వస్తోందో లేదో దారిలో అడుగు.