క్లార్క్ ఆక్సిజన్ సెన్సర్‌లో కొత్తదనం ఏమిటి?

ప్రశ్న: రక్తం లాంటి ద్రవాల్లో కరిగిన ఆక్సిజన్‌ను ప్లాటినం ఎలక్ట్రోడుతో కొలవడం ముందే ఉంది కదా. మరి అమెరికన్ శాస్త్రవేత్త లేలాండ్ క్లార్క్ 1956లో ప్రచురించిన సెన్సర్ ఎందుకంత ముఖ్యమండీ?

జవాబు: రెండు ఎలక్ట్రోడులనూ ఒకే పొర వెనక పెట్టారు, అదే అసలు మలుపు. అంతకుముందు రక్తంలోని ప్రొటీన్లు ప్లాటినం మీద పేరుకుని రీడింగు పడిపోయేది. పాలిథీన్ పొర ఆక్సిజన్‌ను రానిస్తుంది, ప్రొటీన్లనూ అయాన్లనూ ఆపుతుంది. లోపల పొటాషియం క్లోరైడు ద్రావణం, వెండి-సిల్వర్ క్లోరైడు ఆనోడు. దానితో పోలిస్తే కాథోడు (ప్లాటినం ఎలక్ట్రోడు) మీద -0.6 నుంచి -0.8 వోల్టులు ఉంచుతారు.

ఇంకో జవాబు: కాథోడు ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తుంది. అందుకే ద్రవం నిశ్చలంగా ఉంటే రీడింగు తగ్గిపోతుంది, కలుపుతూనే కొలవాలి. పొర కింద గాలిబుడగ చిక్కినా అంకె నిలవదు.

మరో జవాబు: సీసం ఆనోడున్న గాల్వానిక్ రకం (బ్యాటరీలా తానే వోల్టేజీ పుట్టించుకునే సెన్సర్) కి బయటి వోల్టేజీ అక్కర్లేదు. కానీ వాడకపోయినా గాలి తగులుతుంటే సీసం ఆక్సీకరణ చెంది అయిపోతుంది. ఏ రకమైనా, ఆక్సిజన్ లేనప్పుడు రీడింగు సున్నా వస్తోందో లేదో సరిచూడ్డానికి, ఆక్సిజన్‌ను పీల్చేసే తాజా సోడియం సల్ఫైటు ద్రావణమే వాడండి.