టైమింగ్ లూప్ కుదిరినట్టే కుదిరి మళ్లీ చెదిరిపోతోంది: కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న: క్యూపీఎస్‌కే (ప్రతి సింబల్‌ను నాలుగు ఫేజ్‌లలో ఒకదానితో పంపే పద్ధతి) రిసీవర్‌ను సాఫ్ట్‌వేర్‌లో రాస్తున్నాను. సింబల్‌ను చదవాల్సిన సరైన క్షణాన్ని వెతికే టైమింగ్ లూప్‌లో సింబల్‌కు 2 శాంపిళ్లు, టైమింగ్ లోపాన్ని కొలిచే గార్డ్‌నర్ డిటెక్టర్, రెండు శాంపిళ్ల మధ్య విలువను లెక్కగట్టే లీనియర్ ఇంటర్‌పొలేటర్ వాడుతున్నాను. సిమ్యులేషన్‌లో ఒక్క తప్పూ రావడం లేదు. రేడియో నుంచి రికార్డు చేసిన సిగ్నల్ ఇస్తే మాత్రం సుమారు 10,000 సింబల్స్ వరకు గ్రాఫ్‌లో నాలుగు ఫేజ్‌లను చూపే నాలుగు చుక్కలూ చక్కగా నిలుస్తాయి. తర్వాత దాదాపు అంతే సేపు అంతా చెల్లాచెదురు. మళ్లీ దానంతట అదే బాగవుతుంది. క్యారియర్ లూప్‌ను (క్యారియర్ తరంగం ఫేజ్‌ను సరిచేసే భాగాన్ని) అనుమానించాలా?

సమాధానం: క్యారియర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. 1986లో ప్రచురితమైన గార్డ్‌నర్ డిటెక్టర్ గొప్పతనమే అది, క్యారియర్ ఫేజ్ కుదరకపోయినా టైమింగ్ లోపాన్ని చెప్పగలదు. మీరు ఇచ్చిన అంకెలోనే జవాబు ఉంది. 10,000 సింబల్స్ అంటే 20,000 శాంపిళ్లు. అంతసేపటికి ఒక శాంపిల్ జరిగిందంటే పంపే పరికరం, అందుకునే పరికరం గడియారాల మధ్య తేడా 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు). మామూలు క్రిస్టల్ ఆసిలేటర్లకు ఇది సహజమే. సిమ్యులేషన్‌లో గడియారం ఒక్కటే కాబట్టి అక్కడ బయటపడలేదు.

మ్యూ (రెండు శాంపిళ్ల మధ్య ఎక్కడ చదవాలో చెప్పే 0–1 భిన్నం) విలువ 1 దాటినప్పుడు దాన్ని 0కు తెస్తున్నారు సరే, శాంపిల్ సూచికను కూడా ఒకటి ముందుకు జరుపుతున్నారా? ఆ సింబల్‌కు 2 బదులు 3 శాంపిళ్లు కదలాలి. మ్యూ 0 కంటే తగ్గితే 1 మాత్రమే కదలాలి. ఎప్పుడూ రెండేసి కదిలితే మ్యూ సగం సింబల్‌నే చేరుకోగలదు. సరైన క్షణం ఆ సగంలో ఉన్నంతసేపు బాగుంటుంది, మిగతా సగంలోకి జారగానే లూప్‌కు అందదు. బాగున్న కాలం, చెడిన కాలం సమానంగా ఉండటం అందుకే.

మరో సభ్యురాలు: దీనికి తోడు, డిటెక్టర్‌కు కావలసిన మధ్య శాంపిల్ (రెండు సింబల్స్‌కు నడిమిది) కూడా ఇంటర్‌పొలేటర్ నుంచే రావాలి. ముడి శాంపిల్‌ను నేరుగా వాడితే సూచిక జరిగిన ప్రతిసారీ లోపం విలువ ఎగిరిపడుతుంది.

ప్రశ్న అడిగినవారు: సూచికను సరిచేశాను, చెదరడం పోయింది. మ్యూ గ్రాఫ్ ఇప్పుడు రంపపు పళ్లలా ఉంది. అయితే ప్రతి పన్ను మధ్యలో చుక్కలు కాస్త ఉబ్బుతున్నాయి.

సమాధానం: ఆ రంపపు పళ్లు శుభసూచకం, అలాగే ఉండాలి. ఉబ్బడం లీనియర్ ఇంటర్‌పొలేటర్ లక్షణం. మ్యూ 0.5 దగ్గర అది రెండు శాంపిళ్ల సగటు మాత్రమే. మీ రేటులో, సింబల్ రేటులో సగం ఫ్రీక్వెన్సీ వద్ద దాని గెయిన్ 0.707కు, అంటే 3 డెసిబెల్స్ కిందకు పడిపోతుంది. నాలుగు శాంపిళ్ల క్యూబిక్ ఇంటర్‌పొలేటర్‌ను ఫారో నిర్మాణంలో (మ్యూ బహుపదిగా లెక్కించే అమరికలో) రాయండి. గుణకాలు స్థిరంగా ఉంటాయి, మారేది మ్యూ ఒక్కటే. పెద్ద ఖర్చేమీ కాదు.

లూప్ ఫిల్టర్‌లో (డిటెక్టర్ చెప్పిన లోపాన్ని మ్యూ సవరణగా మార్చే భాగంలో) ఇంటిగ్రల్ భాగం, అంటే లోపాన్ని కూడబెట్టే భాగం ఉందా? అది లేకపోతే ఇంత గడియారపు తేడాకు స్థిరమైన టైమింగ్ లోపం మిగిలిపోతుంది. డ్యాంపింగ్ 0.707, బ్యాండ్‌విడ్త్ సింబల్ రేటులో 0.005 వంతుతో మొదలుపెట్టి, కుదిరాక బ్యాండ్‌విడ్త్‌ను తగ్గించండి. క్యూబిక్ పెట్టిన తర్వాతా చుక్కలు ఉబ్బితే మ్యాచ్డ్ ఫిల్టర్ (పంపిన పల్స్ ఆకారానికి సరిపోయే రిసీవర్ ఫిల్టర్) రోల్‌ఆఫ్, అంటే అది వాడే అదనపు బ్యాండ్‌విడ్త్ వంతు ఎంతో చెప్పండి. అది బాగా తక్కువైతే గార్డ్‌నర్ డిటెక్టర్ బలహీనపడుతుంది, అప్పుడు వేరే డిటెక్టర్ గురించి ఆలోచిద్దాం.