చెట్టులోంచి చెట్టును చెక్కితే అది శిల్పమేనా?

బాటసారి:
మొన్న టొరంటోలో ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ ఒంటారియోకి వెళ్లాం. అక్కడ ఇటలీ శిల్పి జుసెప్పె పెనోనె చెక్కిన పెద్ద దేవదారు మాను ఉంది. 1999 డిసెంబర్ తుఫానుకు ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ తోటలో కూలిన చెట్టు అది. బెరడు అలాగే ఉంచి, మధ్యలో తలుపు తీసినట్టు తొలిచాడు. లోపల కొమ్మల మొదళ్లతో సన్నటి లేత చెట్టు నిలబడి ఉంది. అదే చెట్టు, చిన్నప్పటిది. నాకైతే అక్కణ్ణుంచి కదల బుద్ధి కాలేదు. మా ఆయన మాత్రం “ఉన్నదాన్ని బయటపెట్టాడు, కొత్తగా చేసిందేముంది?” అన్నారు. మీరేమంటారు?

నీలిసిరా:
నాదీ మీ ఆయన మాటే. కొండపల్లి బొమ్మనే చూడండి. తెల్ల పొణికి కర్రలో ఏనుగూ లేదు, అంబారీ లేదు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతికించి, రంగులు వేసి మనిషి తెచ్చిన రూపం అది. పెనోనె ఓపిక గొప్పదే, కాదనను. కానీ రూపం చెట్టుది.

ఉలిచప్పుడు:
మాది మూడు తరాలుగా వడ్రంగం. “ఉన్నదాన్ని బయటపెట్టడం” అన్నంత తేలిక కాదండీ అది. చెట్టు బెరడు కింద ఏటేటా కొత్త పొర వేసుకుంటుంది. లోపలిది కదలదు. నాలుగడుగుల ఎత్తులో పుట్టిన కొమ్మ, చెట్టు ఎంత పెరిగినా నాలుగడుగుల దగ్గరే ఉంటుంది. మాను లావెక్కుతూ దాని మొదలును మింగేస్తుంది. చెక్కలో మనం ముడి అనేది దాన్నే. పెనోనె ఆ ముడులను పట్టుకుని, ఆ ఏటేటి పొరల్లో ఒక వలయం ఎంచుకుని, దానిపైన ఉన్నదంతా తీసేస్తాడు. బయటికి ముడి రూపాయి బిళ్లంత కనిపిస్తుంది, లోపల ఎటు వంగిందో తెలియదు. దాని చుట్టూ చెక్క మెలి తిరిగి ఉంటుంది. ఉలి ఒక్క దెబ్బ ఎదురు తగిలిందా, పెళ్ల లేచిపోతుంది. గుమ్మం చెక్కలో ముడి తగిలితే మా నాన్న చిత్రిక ఆపి, బొటనవేలితో దాని చుట్టూ తడిమి, చెక్కను అటు తిప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఒక్క ముడికే అంత జాగ్రత్త. లండన్ టేట్ మ్యూజియంలో ఉన్న ‘పన్నెండు మీటర్ల చెట్టు’ను పెనోనె, రంపంతో కోసిన లార్చ్ (దేవదారు లాంటి చెట్టు) దూలంలోంచి తీశాడు, 1980–82లో. ఒక కొసన దూలాన్ని దూలంగానే వదిలేశాడు. ఫొటో చూసినప్పుడు నాకు నాన్నే గుర్తొచ్చాడు.

నీలిసిరా:
మీ నాన్నగారి పనితనానికి దండం. కానీ పనితనం వేరు, సృష్టి వేరు కదా?

బాటసారి:
నీలిసిరా గారూ, ఏ ఏటి వలయం దగ్గర ఆగాలో చెట్టు చెప్పదు. పది వలయాలు ముందే ఆపేస్తే అది మొద్దు. ఇంకో పది లోపలికి వెళితే పుల్ల. ఆ వయసు చెట్టునే మనకు చూపించాలని అనుకున్నది మనిషే. మానులో సగానికి పైగా ముట్టుకోకుండా వదిలేసిందీ అతనే. ముసలి చెట్టు మధ్యలో నిలబడబట్టే లోపలిది అంత లేతగా కనిపిస్తోంది.

నీలిసిరా:
ఈ మాట ఒప్పుకుంటున్నాను, ఆ ఎంపిక పూర్తిగా అతనిదే. కానీ ఇది తుఫానుకు పడ్డ చెట్టు. నిలబడి ఉన్నదాన్ని ఇందుకోసం కొడితే మాత్రం నేను శిల్పం అనను.

ఉలిచప్పుడు:
నేనూ అనను. కానీ పెనోనె చెట్టును కొట్టకుండా చేసిన పనీ ఒకటుంది. 1968లో తన ఊరు గరెస్సియో దగ్గరి అడవిలో, బతికున్న చెట్టు కాండానికి తన చేతి లోహపు అచ్చు బిగించి వదిలేశాడు. చెట్టు దాని చుట్టూ పెరుగుతూ పోయింది.

నీలిసిరా:
అది చెట్టుకు హాని కాదా మరి?

ఉలిచప్పుడు:
కొంత హానే. మా దగ్గర కంచె తీగ కట్టిన వేపమాన్లు ఆ తీగను మింగేసి పెరుగుతాయి. బయటికి ఏమీ కనిపించదు. రంపం పెట్టాక లోపల ఇనుము తగిలి పళ్లు విరుగుతాయి, అప్పుడు తెలుస్తుంది.