గోపాలపూర్ నుంచి గేలం ట్రిప్పులు: వేట లైసెన్సు ఉన్న ఫైబర్ బోటు సరిపోతుందా? ఎంతమందిని ఎక్కించొచ్చు?

బహుదా_ఒడ్డు:
బరంపురం, గోపాలపూర్ వైపు బోట్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. 28 అడుగుల ఫైబర్ బోటు, డెక్కు లేని రకం, వెనక బయట తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజన్లు రెండు. ఫిషరీస్‌లో రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు ఉన్నాయి. విశాఖ, హైదరాబాద్ నుంచి రాడ్లు పట్టుకొచ్చేవాళ్లని కోనాం, సూర చేపల కోసం సముద్రంలోకి తీసుకెళ్లాలని ఆలోచన. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఇంకేం కాగితాలు కావాలి? 8 మందిని ఎక్కించొచ్చా? ఎలాంటి లైఫ్ జాకెట్లు కొనాలి?

రంభ_సరంగు:
సరిపోదు అన్నా. ఫిషరీస్ లైసెన్సు చేపలు పట్టుకోవడానికి. డబ్బు తీసుకుని ఒక్క మనిషిని ఎక్కించినా వాడకం మారిపోయినట్టే. మత్స్యకారులకి ఉన్న 5 లక్షల ప్రమాద బీమా టూరిస్టుకి వర్తించదు. బోటు బీమా ఉన్నా, పాలసీలో రాసిన వాడకం వేరు కాబట్టి క్లెయిమ్ నిలవదు.

చిలికాలో నడిపితే 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వర్తిస్తుంది. ముందు సర్వే, అంటే బోటు భద్రత తనిఖీ, ఆ సర్టిఫికెట్ మీద రిజిస్ట్రేషన్, నడిపేవాడికి అర్హత సర్టిఫికెట్, పైన బీమా. ఒడిశాలో పోర్టులు, జలరవాణా డైరెక్టరేట్‌ని అడగాలి. గోపాలపూర్ బయటి సముద్రానికి ఆ కాగితం పనికిరాదు. అక్కడ కేంద్ర నౌకారవాణా శాఖ డీజీ షిప్పింగ్ కింద ఉండే మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లాలి. 12 మంది ప్రయాణికులు దాటితే ఏకంగా పాసింజరు షిప్పు కిందే లెక్క, ఆ జోలికి పోవద్దు. నన్నడిగితే ముందు చిలికా ఒడ్డున ఉన్న రంభ వైపు మొదలుపెట్టండి. కాకపోతే చిలికాలో వేట హక్కులు మత్స్యకార సొసైటీలవి. గేలం వేయాలన్నా ఆ సొసైటీ ఒప్పుకోవాలి. నలబణ పక్షుల అభయారణ్యంలో వేట అసలే కూడదు.

మీరు సీజను అనుకుంటున్న నెలలే పెద్ద చిక్కు. నవంబరు 1 నుంచి మే 31 దాకా తాబేళ్ల రక్షణ కోసం రుషికుల్య మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర తీరం నుంచి 20 కి.మీ. లోపు వేట నిషేధం. ఆ మొగ గోపాలపూర్‌కి ఈశాన్యాన దగ్గర్లోనే ఉంది. హద్దు ఎక్కడ పడుతుందో అక్షాంశ రేఖాంశాలతో సహా ఫిషరీస్ ఆఫీసులో రాతపూర్వకంగా తీసుకుని జీపీఎస్‌లో వేసుకోండి. నోటిమాట మీద బోటు తీయొద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట విరామం ఎలాగూ ఉంది.

నీటిగీత:
ఎంతమంది అన్నది సీట్లు లెక్కబెట్టి చెప్పేది కాదు, సర్వేయరు రాసిచ్చేది. ఆయన దగ్గరికి వెళ్లకముందే బోటు ఎంత ఒరుగుతుందో మీరే ఒక పరీక్ష చేసుకోవచ్చు. అమెరికాలో చిన్న బోట్లకి కోస్ట్ గార్డు పెట్టే పరీక్ష ఇలాంటిదే. అక్కడ తలకి 185 పౌండ్లు, అంటే 84 కిలోలు లెక్కగడతారు. 2004లో బాల్టిమోర్ హార్బర్‌లో లేడీ డి అనే బోటు బోల్తా పడి 5 మంది పోయారు. పాత లెక్కల్లో మనిషి బరువు తక్కువ వేస్తున్నారని దాంతో తేలింది. కొత్త లెక్క 2011లో వచ్చింది.

అలల్లేని నీటిలో, ట్యాంకులు నింపి, ఐసు పెట్టె నింపి, మనుషుల బదులు ఇసుక బస్తాలు వేయండి. 8 మందికి 672 కిలోలు, ఇద్దరు పనివాళ్లతో 840. బోటు సమంగా ఉన్నప్పుడు నీటి నుంచి అంచు దాకా ఎత్తు కొలవండి. తర్వాత ప్రయాణికుల బస్తాలన్నీ ఒక్క పక్కకి జరపండి. డెక్కు లేని బోటుకి ఆ ఎత్తులో నాలుగో వంతు కంటే ఎక్కువ మునగకూడదు. 60 సెం.మీ. ఉంటే 15 సెం.మీ. వరకే. మించితే జనాన్ని తగ్గించి మళ్లీ చూడండి.

మామూలు టూరిస్టు బోటు కంటే గేలం బోటుకే ఈ పరీక్ష ముఖ్యం. చేప తగలగానే అందరూ ఫోన్లు పట్టుకుని ఒకే పక్కకి లేచి వస్తారు. అదే సమయానికి అల పక్క నుంచి తగిలిందంటే నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. లోపల చేరిన నీళ్లూ ఒరిగిన పక్కకే పారతాయి, ఇక బోటు లేవదు. అందుకని చేప లాగేవాడు, గాఫ్ (చేపని పైకి లాగే కొక్కెం కర్ర) పట్టేవాడు తప్ప మిగతావాళ్లు కూర్చునే ఉండాలని బయల్దేరకముందే చెప్పాలి. ఐసు పెట్టె మధ్యలో, అడుగున కట్టేయండి.

నీడ కోసం పైన ఇనుప పందిరి మాత్రం వేయొద్దు. బరువు పైకి చేరుతుంది, జనం దానిమీదికి ఎక్కుతారు. 2023 మే 7న కేరళలోని తానూరులో 22 మంది పోయింది చేపల బోటుని టూరిస్టు బోటుగా మార్చిన పడవలోనే. మార్పులు చేస్తే సర్వే మళ్లీ మొదటికొస్తుంది.

కెరటం_దాటి:
జాకెట్ల సంగతి. మనిషిని తేల్చే బలాన్ని న్యూటన్లలో చెబుతారు. 50 న్యూటన్లది ఈత వచ్చినవాళ్లకి, ఒడ్డు దగ్గర వాడకానికి. చిలికాకి 100, సముద్రానికి 150 తీసుకోండి. గ్యాసుతో ఉబ్బేవి వద్దు. గేలం గుచ్చుకుంటే చిల్లు పడుతుంది. నీళ్లు తగలగానే ఉబ్బే రకమైతే ఒడ్డు కెరటం చిమ్మినప్పుడే పేలి కూర్చుంటుంది. ఫోమువి కొని, కాళ్ల మధ్య పట్టీ బిగించండి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవుల దాకా వచ్చిందంటే ఆ సైజు పనికిరాదు. బోటెక్కే ముందే తొడిగించాలి, దిగేదాకా విప్పనివ్వకూడదు.

గోపాలపూర్ బీచ్ మీద విరిగే కెరటాల్లోంచి ప్రయాణికులని ఎక్కించొద్దు. సోనాపూర్ దగ్గర బహుదా మొగ వాడేట్టయితే పోటు ఎక్కుతున్నప్పుడు దాటండి. పాటు నీళ్లు బయటికి లాగుతుంటే, ఎదురుగా వచ్చే అల నిటారుగా లేచి విరుగుతుంది. ఇసుక మేట కూడా జరుగుతూ ఉంటుంది, పోయిన నెల దారి ఈ నెల ఉండకపోవచ్చు. నడిపేవాడి చేతికి కిల్ స్విచ్ తాడు ఉండి తీరాలి. పట్టు తప్పి పడ్డా ఇంజను ఆగుతుంది.

బహుదా_ఒడ్డు:
ధన్యవాదాలు. రెండు ఇంజన్లున్నాయి కదా, దారిలో ఆగిపోయే భయం లేనట్టేనా?

కెరటం_దాటి:
రెండూ ఒకే ట్యాంకు నుంచి తాగితే ఒక ఇంజనున్నట్టే లెక్క. పెట్రోల్లో నీళ్లు చేరితే రెండూ ఒకేసారి ఆగుతాయి. ఇప్పటి ఇథనాల్ పెట్రోలు తేమని లాగేసుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని, ఇంధనం ఎక్కించడానికి చేత్తో నొక్కే రబ్బరు బల్బునీ పాడు చేస్తుంది. వేరే ట్యాంకు, వేరే పైపు, ఒక్కోదానికి నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టండి. ఫిల్టరు గిన్నెలో అడుగున నీటి చుక్కలు కనిపిస్తే ఆ రోజు బయల్దేరొద్దు. ఇంధనంలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి. మిగతాది ముట్టుకోవద్దు. వీహెచ్‌ఎఫ్ రేడియో (బోట్లలో వాడే వైర్‌లెస్) ఆపద పిలుపుల 16వ ఛానల్ మీద ఉంచండి. ఫోను సిగ్నల్ ఉన్నంత వరకు కోస్ట్ గార్డు నంబరు 1554, బోటులో అందరికీ కనిపించేలా పెయింటుతో రాయించండి.