సమాచార కమిషన్ ఇమ్మన్నాక ఆఫీసు హైకోర్టుకెక్కవచ్చా?

కేఆర్‌పురం_బావ:
మా లేఅవుట్ వెనక రాజకాలువ, అంటే వాననీరు పోయే పెద్ద కాలువ, ఉంది. దానికి గోడ కట్టారు, మొదటి పెద్ద వానకే ఆ గోడ కాలువలో పడింది. పునాది ఎంత లోతు తీశారు, ఎవరు కొలిచారు, బిల్లు ఎంత ఇచ్చారు చూద్దామని ఎంబీ, అంటే మెజర్‌మెంట్ బుక్కు, సమాచార హక్కు చట్టం కింద నకలు అడిగాను. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, 150 మాటలు దాటకుండా అర్జీ రాశాను. కర్ణాటకలో ఆ నిబంధన ఉంది, వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ రాశాను. 'థర్డ్ పార్టీ సమాచారం, ఇవ్వలేం' అన్నారు. కాంక్రీటు గోడకు థర్డ్ పార్టీ ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు.

మొదటి అప్పీలుకు ఉలుకూ పలుకూ లేదు. రెండో అప్పీలు కమిషన్ దగ్గర ఏడాది పైన నానింది. చివరికి నెలలోగా ఇమ్మని ఆర్డరు వచ్చింది. ఇంట్లో కేసరిబాత్ కూడా చేయించాను. గడువు ముగిసేలోపే హైకోర్టు నుంచి కవరు: ఆఫీసు వాళ్లు రిట్ వేశారు, అంటే ఆ ఆర్డరును కొట్టెయ్యమని హైకోర్టులో పిటిషన్ పెట్టారు, కమిషన్ ఆర్డరు మీద స్టే వచ్చింది. ప్రతివాది 1 కమిషన్, ప్రతివాది 2 నేను.

కమిషన్ నిర్ణయానికి కట్టుబడాల్సిందేనని సెక్షన్ 19(7) చెబుతోంది. కోర్టులు ఈ ఆర్డర్ల జోలికి రాకూడదని సెక్షన్ 23 అంటోంది. మరి వీళ్లు ఎలా వెళ్లారు? అసలు వెళ్లనివ్వాలా? నా పన్నుతో లాయరును పెట్టుకుని నామీదే పోట్లాట!

మాజీ_పీఐఓ:
నేను పీఐఓగా, అంటే ఇలాంటి అర్జీలకు సమాచారమిచ్చే అధికారిగా, ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి, నాలుగు తిట్లు పడతాయని తెలిసే రాస్తున్నాను. వెళ్లనివ్వాలి.

మా ఆఫీసులో ఒక మహిళా ఉద్యోగి సెలవు చీటీలు, వాటితోపాటు మెడికల్ సర్టిఫికెట్లు ఇమ్మని కమిషన్ ఆర్డరేసింది. అడిగింది ఎవరనుకున్నారు? ఆమెతో విడాకుల కేసు నడుస్తున్న భర్త తరఫు మనిషి. ఇవ్వకపోతే రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా, అదీ నా జీతంలోంచి. కోర్టు తలుపు లేకపోతే నేను ఆ కాగితాలు జిరాక్స్ తీసి ఇచ్చేసేవాణ్ణి. ఉద్యోగుల మెమోలు, ఆస్తుల వివరాలు వ్యక్తిగతమే, పెద్ద ప్రజాప్రయోజనం ఉంటే తప్ప ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టు 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసులో చెప్పింది కదా. కమిషనర్లేమీ దేవుళ్లు కారు.

కేఆర్‌పురం_బావ:
సార్, ఆవిడ విషయంలో మీరు చేసింది న్యాయమే. కానీ నేనడిగింది గోడ గురించి.

నల్లకోటు:
సెక్షన్ 23 ఆపేది మామూలు దావాలను. ఆర్టికల్ 226 కింద హైకోర్టుకున్న రిట్ అధికారాన్ని ఏ చట్టమూ తీసెయ్యలేదు. అది రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని 1997లో చంద్రకుమార్ కేసులో ఏడుగురు జడ్జీల బెంచి తేల్చింది. కాబట్టి 'వెళ్లవచ్చా' అన్న ప్రశ్నకు అర్థం లేదు. వెళ్లాక కోర్టు ఏం చూడాలన్నదే ప్రశ్న. కమిషన్ తన పరిధి దాటిందా, అవతలివాళ్ల మాట విందా, చట్టాన్ని పచ్చిగా తప్పు చదివిందా, ఇంతవరకే. ఎంబీ ఇవ్వాలా వద్దా అని మొదటినుంచీ మళ్లీ విచారించడం రిట్ పని కాదు.

ఇంకో మాట. కోర్టు ప్రతిసారీ ఆఫీసుల పక్షమే అనుకోకండి. బ్యాంకుల తనిఖీ రిపోర్టులు ఇచ్చేది లేదని రిజర్వ్ బ్యాంకు మొండికేస్తే, 2015లో సుప్రీంకోర్టు కమిషన్ ఇచ్చిన 11 ఆర్డర్లను నిలబెట్టింది. ఆ పోట్లాట కోర్టుకు రాకపోయుంటే ఆ ఆర్డర్లకు అంత బలం వచ్చేదా?

టీనగర్_తెలుగమ్మాయి:
చెన్నై నుంచి ఒక ముక్క. 2014 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు, సమాచారం అడిగేవాళ్లు కారణం చెప్పాలని రాసింది. కారణం అడగకూడదని సెక్షన్ 6(2)లో అచ్చులో ఉంది! గోల కాగానే ఆ బెంచే కొద్ది రోజుల్లో ఆ వాక్యాలు తీసేసింది. దిద్దుకున్నందుకు దండం పెట్టొచ్చు. కానీ కమిషన్ తప్పు చేస్తే కోర్టు ఉంది, కోర్టే తప్పు చేస్తే మామూలు మనిషికి సుప్రీంకోర్టు ఎంత దూరం అన్నా?

కేఆర్‌పురం_బావ:
దూరం సంగతి మన ఊరి కేసే చెబుతుంది. కర్ణాటక హైకోర్టు పీఐఓకు, కమిషన్‌కు మధ్య వివాదం వచ్చింది. హైకోర్టు కమిషన్ ఆర్డరును కొట్టేస్తే, కమిషనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. అలా వెళ్లే హక్కు నీకు లేదని 2013లో లక్ష రూపాయల ఖర్చులు వేశారు. అంటే ఆర్డరిచ్చిన కమిషన్ దాన్ని కాపాడుకోకూడదు, కాపాడాల్సింది పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టినవాడు.

నల్లకోటు:
ఆ తీర్పు నాకు సబబుగానే తోస్తుంది. మేజిస్ట్రేటు తన తీర్పు కోసం పైకోర్టులో వకాలత్ వేస్తాడా? అయితే ఆ బరువు మీ నెత్తిన పడుతుందన్న మాట మాత్రం నిజం, కాదనను.

మాజీ_పీఐఓ:
నేనూ ఒకటి ఒప్పుకుంటాను. కొందరు అధికారులకు రిట్ గెలవాలని ఉండదు. స్టే వస్తే చాలు. ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా ఫైలు మూసుంటుంది.

టీనగర్_తెలుగమ్మాయి:
అదే అసలు కథ! ప్రధాని మోదీ డిగ్రీ గురించి వచ్చిన ఢిల్లీ యూనివర్సిటీ 1978 బీఏ రికార్డుల కేసు చూడండి. రాజకీయ పార్టీలు పక్కన పెట్టి తేదీలు మాత్రం చూడండి. 2016 డిసెంబరులో కమిషన్ చూపించమంది, 2017 జనవరిలో స్టే, 2025 ఆగస్టులో తీర్పు. కమిషన్ ఆర్డరు తప్పే అనుకుందాం, తప్పని చెప్పడానికి ఎనిమిదేళ్లా? రిట్ వేసుకోనివ్వండి, కానీ ఆఫీసు వేసే రిట్‌లో స్టే ఆరు నెలలు దాటకూడదు, అడిగినవాడి లాయరు ఫీజు ఆఫీసే కట్టాలి. ఈ రెండూ పెడితే ఎన్ని రిట్లు మిగులుతాయో చూద్దాం.

నల్లకోటు:
కొత్త రూల్స్ వచ్చేలోపు ఉన్నది వాడుకోండి. బావగారూ, మీ మాట వినకుండానే స్టే ఇచ్చారా? పిటిషన్ కాపీ మీకు ముందే అందిందా? అందకపోతే ఆర్టికల్ 226(3) చదవండి. స్టే ఎత్తెయ్యమని మీరు అర్జీ వేసి, కాపీ అవతలివాళ్లకిస్తే హైకోర్టు రెండు వారాల్లో తేల్చాలి. తేల్చకపోతే స్టే దానంతటదే పోతుందని అక్కడ రాసి ఉంది. 'దానంతటదే' అన్నదానిపై హైకోర్టులు తలోమాట అన్నాయి కాబట్టి గ్యారంటీ ఇవ్వను. కానీ అర్జీ వేస్తే కేసు బెంచి మీదికి వస్తుంది.

కేఆర్‌పురం_బావ:
ఇప్పుడే బీరువాలోంచి కాగితం తీశాను. 'ప్రతివాది 2కు నోటీసు' అని ఒక లైను, దాని కిందే స్టే. నాకు పిటిషన్ కాపీ అందింది ఆ తర్వాత పదకొండు రోజులకు, కవరు మీద పోస్టాఫీసు ముద్ర ఉంది. అర్జీ నమూనా ఉంటే పెట్టండి సార్, సోమవారం సెలవు పెడతాను.