పర్లాకిమిడిలో 90 అడుగుల పొడుగు ఇల్లు, మట్టి గోడలు: అమ్మకి లోపలే బాత్రూమ్ కట్టించడం ఎలా?

మహేంద్రతనయ:
మాది పర్లాకిమిడి, తాతల నాటి పెంకుటిల్లు. వెడల్పు 14 అడుగులు, పొడుగు 90. అరుగు మీద నిలబడి చూస్తే పెరటి తలుపు అగ్గిపెట్టెంత కనిపిస్తుంది. రెండు పక్కలా పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడలు, మట్టితో పేర్చి సున్నం పూసినవి. దొడ్డి పెరటి చివర, నుయ్యి దాటాక. అమ్మకి మోకాళ్లు పోయాయి. కిందటి నెల వానలో రాత్రిపూట పెరట్లో జారిపడింది. ఎముక విరగలేదు గానీ, అప్పటి నుంచి సాయంత్రం ఐదు దాటితే మంచినీళ్లు ముట్టడం లేదు. ఎందుకమ్మా అంటే దాహం లేదంటుంది.

వంటింటి పక్కన 7×6 అడుగుల కొట్టుగది ఉంది, ఒకప్పుడు ధాన్యం పోసేవాళ్లు. అందులో కమోడ్ పెడదామని మేస్త్రిని పిలిచాను. గోడ మీద తడితే దోసెడు మట్టి రాలింది. "సిమెంట్ కొట్టి టైల్స్ అంటించేద్దాం, ఏటీ కాదు" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. సావిట్లో ఇలాగే సిమెంట్ పూయిస్తే రెండో వర్షాకాలానికి అప్పడంలా ఉబ్బి పెచ్చులూడింది.

పైగా మా సందు మూడున్నర అడుగులు. ఆటో రాదు. ఇసుక, ఇటుక మలుపులో దింపి, తట్టలతో దేవుడి గది ముందు నుంచే మొయ్యాలి. సెప్టిక్ ట్యాంకు నిండితే బండి పైపు పెరటి దాకా అందుతుందా అన్నది ఇంకో టెన్షన్. ఇలాంటి ఇంట్లో చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి.

పాతపట్నం తాపీ:
బాబూ, 30 ఏళ్లుగా ఇదే నా పని. మీ అనుమానం నిజమే. మట్టి గోడ చెమ్మ పీలుస్తుంది, వదులుతుంది. పైన సిమెంట్ పూస్తే ఆ చెమ్మకి దారి ఉండదు, పూతనే తోసేస్తుంది. టైల్స్ బరువు కూడా తోడైతే చెప్పక్కర్లేదు. పాత గోడని ముట్టుకోకండి. రెండంగుళాల ఎడం వదిలి, కింద కాంక్రీట్ బెడ్ వేసి, 4 అంగుళాల ఇటుక గోడ ఏడడుగులు లేపండి. ఎడం పైన మూసేయొద్దు, గాలి ఆడాలి. 7×6 గది ఇంచుమించు 6×5 అవుతుంది, అమ్మగారికి సరిపోతుంది. కుళాయి పైపులు కొత్త గోడకే. పట్టుకునే కడ్డీ వచ్చే చోట ఇటుక కట్టేటప్పుడే కాంక్రీట్ దిమ్మ పెట్టించండి, తర్వాత డ్రిల్ కొడితే ఇటుక పగులుతుంది. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడితే అడ్డుపడకూడదు కదా.

పెరటికి పైపు 40 అడుగులు పోవాలంటే అడుగు వాలు కావాలి. దానికోసం గది నేల లేపి మెట్టు పెట్టొద్దు, గుంత వైపే లోతు తవ్వించండి.

బరంపురం కోడలు:
మా అత్తగారిల్లు కూడా ఇలాగే రైలు పెట్టె. ట్యాంకు పెరట్లో కట్టారు. నిండినప్పుడు బండి పైపు చాలక ఇంకో పైపు అతికి, సావిడి మధ్య నుంచి లాగారు. అతుకు దగ్గర కారింది. ఆ రోజు మా ఆడపడుచు పెళ్లిచూపులు! ఇక రాయలేను.

నుయ్యి దూరంగా ఉంటే రెండు గుంతల పద్ధతి మంచిది. ఒకటి నిండితే రెండోదానికి మళ్లిస్తారు. మొదటిది రెండేళ్లు అలా వదిలేస్తే మట్టిలా మారుతుంది, బండితో పని లేదు. స్నానం నీళ్లు మాత్రం అందులోకి పోనివ్వకండి.

రాయగడ నుంచి:
కమోడ్ కొనేముందు ఎస్ ట్రాపా, పీ ట్రాపా చూసుకోండి. పైపు నేలలోకి దిగితే ఎస్, గోడలోకి పోతే పీ. నేను చూసుకోలేదు. నెత్తిన పెట్టి తెచ్చినదాన్ని మళ్లీ నెత్తినే మోయించి తిరిగిచ్చాను. సందులో అందరూ చూశారు.

మహేంద్రతనయ:
టేపు పెట్టి కొలిచాను. గుంతలకి చోటున్న దగ్గర నుంచి మా నుయ్యి 18 అడుగులే. పక్కింటి నుయ్యి ఇంకా దగ్గర, వాళ్లు ఇప్పటికీ ఆ నీళ్లే తాగుతారు. కనుక పెరడు వద్దనుకున్నాను. అరుగు పక్కన పాత సామాను గది ఉంది, దాదాపు కొట్టుగదంతే. బాత్రూమ్ అందులో, ట్యాంకు అరుగు కింద, దాని పక్కనే ఇంకుడు గుంత. నుయ్యికి 60 అడుగుల పైనే ఎడం. పైపు పన్నెండడుగులు చాలు, బండి పైపు మలుపు నుంచే అందుతుంది.

అమ్మ మొదట వినగానే "అరుగు మీద కూర్చున్నవాళ్లకి చప్పుడు వినపడుతుందా?" అంది. ఫ్యాన్ పెడతానన్నాను. దేవుడి గది గోడకి ఆనుకోలేదని తానే వెళ్లి చూసుకుని సరే అంది. రథయాత్రకి చుట్టాలొస్తారు, ఆలోపు అయిపోవాలి.

తాపీ గారూ, అరుగు మీద తాత వేయించిన నల్లరాతి పలకలున్నాయి. పగలకుండా లేపి మళ్లీ పరచడం కుదురుతుందా?

పాతపట్నం తాపీ:
కుదురుతుంది. గునపం వాడనివ్వకండి. సున్నం అతుకులు ఉలితో తీయించి, ప్రతి పలక వెనక సుద్దతో నంబరు రాయించండి. మ్యాన్‌హోల్ మూత వచ్చే చోట పలక కొయ్యాలి, దానికి పగుళ్లున్నది ఏదైనా ఉంటే చూసి పెట్టుకోండి.